ఫైర్‌వాల్ వెనుక మెయిల్ సర్వర్: తరచుగా అడిగే ప్రశ్నలు

సంస్థ లోపలి నెట్‌వర్క్‌లో, ప్రైవేట్ ఐపీ చిరునామా ఉన్న యంత్రం మీద సొంత మెయిల్ సర్వర్‌ను నడపదలచిన వారి కోసం ఈ ప్రశ్నలూ జవాబులూ రాశాను. ఉదాహరణల కోసం బయటి ప్రపంచానికి కనిపించే చిరునామా 203.0.113.25 అనీ, సర్వర్ లోపలి చిరునామా 192.168.10.5 అనీ, ఫైర్‌వాల్ లోపలి చిరునామా 192.168.10.1 అనీ, సర్వర్ పేరు మెయిల్.ఎగ్జాంపుల్.కామ్ అనీ అనుకుందాం. నేను రోజూ పనిచేసేది పోస్ట్‌ఫిక్స్ (మెయిల్‌ను పంపి, అందుకునే సాఫ్ట్‌వేర్), డవ్‌కాట్ (వాడుకరులు మెయిల్ చదువుకోవడానికి వాడే సాఫ్ట్‌వేర్)లతో కనుక ఆ పేర్లే ఎక్కువగా వస్తాయి. ఇతర సాఫ్ట్‌వేర్‌లలో సెట్టింగ్ పేరు మారుతుంది గానీ విషయం మారదు.

వెబ్ సర్వర్‌ను ఫైర్‌వాల్ వెనుక పెట్టడం తేలికే కదా, మెయిల్ సర్వర్‌కు మాత్రం ఇంత జాగ్రత్త ఎందుకు?

వెబ్ సర్వర్‌కు అవతలి మనిషి ఏ చిరునామా నుంచి వచ్చాడన్నది చాలావరకు అనవసరం. మెయిల్ సర్వర్ మాత్రం ప్రతి కనెక్షన్‌లోనూ ముందు చూసేది ఆ చిరునామానే. ఈ మెయిల్‌ను తీసుకోవాలా, తిప్పి పంపాలా, స్పామ్‌గా అనుమానించాలా, ఇతరులకు చేరవేయాలా అన్న నిర్ణయాలన్నీ దాని మీద ఆధారపడతాయి. మనం బయటికి పంపే మెయిల్‌ను అవతలి సర్వర్ కూడా సరిగ్గా ఇలాగే తూకం వేస్తుంది. సర్వర్ల మధ్య మెయిల్‌ను చేరవేసే ఎస్‌ఎంటీపీ పద్ధతి 1982లో ఆర్‌ఎఫ్‌సీ 821గా (ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ సాంకేతిక పత్రాలు) వెలువడిన నాటికి ప్రతి యంత్రానికీ తనదైన చిరునామా ఉండేది. చిరునామాలను మార్చి రాసే నాట్ పద్ధతి ఆర్‌ఎఫ్‌సీ 1631గా వచ్చింది 1994లో. అంటే చిరునామాను నమ్ముకుని నడిచే ఒక వ్యవస్థ ముందు, చిరునామాలను మార్చడమే పనిగా ఉన్న ఒక పరికరాన్ని మనం నిలబెడుతున్నాం. కింద చెప్పబోయే ఇబ్బందుల్లో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంది.

ఏయే పోర్ట్‌లు తెరవాలి?

బయటి సర్వర్లు మనకు మెయిల్ ఇవ్వడానికి 25 తప్పనిసరి. మన వాడుకరులు బయటి నుంచి మెయిల్ పంపడానికి 465 గానీ 587 గానీ, లేదా రెండూ కావాలి. 465లో కనెక్షన్ మొదటి క్షణం నుంచే ఎన్‌క్రిప్షన్‌లో ఉంటుంది. 587లో మామూలుగా మొదలై స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఆదేశంతో ఎన్‌క్రిప్షన్‌లోకి మారుతుంది. 2018 నాటి ఆర్‌ఎఫ్‌సీ 8314 మొదటి పద్ధతికే మొగ్గు చూపింది, నేనూ అదే వాడమంటాను. మెయిల్ చదువుకోవడానికి ఐమ్యాప్ కోసం 993 చాలు. పాప్3 ఎవరైనా వాడుతుంటే 995 తెరవండి. ఎన్‌క్రిప్షన్ లేకుండా మొదలయ్యే పాప్3, ఐమ్యాప్ పోర్ట్‌లైన 110, 143లను బయటికి తెరవవలసిన అవసరం నాకు కనిపించదు.

బయటికి వెళ్లే దిశలో సర్వర్‌కు 25తో పాటు డీఎన్‌ఎస్ (పేరుకు చిరునామా వెతికి చెప్పే వ్యవస్థ) కోసం 53 కావాలి. ఈ 53ను యూడీపీ, టీసీపీ అనే రెండు రవాణా పద్ధతుల్లోనూ తెరవాలి. టీసీపీ ఎందుకులే అని వదిలేసిన చోట, డీఎన్‌ఎస్‌లోని పెద్ద టీఎక్స్‌టీ (వచనం ఉండే) రికార్డుల జవాబులు రాక, కొన్ని డొమైన్‌ల డీకేఐఎం (మెయిల్ మీది డిజిటల్ సంతకం) పరీక్ష మాత్రం అంతుచిక్కకుండా విఫలమవుతుంది.

లోపలి నెట్‌వర్క్‌లోని మిగతా కంప్యూటర్లు బయటి 25కు వెళ్లే దారిని మాత్రం మూసేయండి. ఏదో ఒక డెస్క్‌టాప్‌కు వైరస్ సోకి స్పామ్ పంపడం మొదలుపెడితే చెడ్డపేరు వచ్చేది మెయిల్ సర్వర్ వాడుతున్న అదే బయటి చిరునామాకు.

భద్రత కోసం పోర్ట్ 25 మీద కూడా పాస్‌వర్డ్ అడగవచ్చా?

అడగకూడదు. అక్కడికి వచ్చేవి ఇతరుల సర్వర్లు. వాటి దగ్గర మీ పాస్‌వర్డ్ ఉండదు కనుక మీకు బయటి మెయిల్ రావడం ఆగిపోతుంది. 25లో మీ డొమైన్‌కు వచ్చే మెయిల్ మాత్రమే తీసుకోవాలి, పాస్‌వర్డ్‌తో పంపే పని 465, 587లకే పరిమితం చేయాలి.

లాగ్‌లో ప్రతి కనెక్షనూ 192.168.10.1 నుంచే వచ్చినట్టు కనిపిస్తోంది. ఇది సరైనదేనా?

కాదు. దీన్ని చూసిన వెంటనే, ఇంకే పని ఉన్నా పక్కన పెట్టి, సరిచేయాలి.

బయటి నుంచి వచ్చిన ప్యాకెట్‌ను లోపలి సర్వర్‌కు మళ్లించేటప్పుడు ఫైర్‌వాల్ గమ్యం చిరునామాను మాత్రమే మార్చాలి. కానీ చాలా చోట్ల, పనిచేస్తే చాలన్న తొందరలో, మాస్కరేడ్ రూల్‌ను అన్ని ఇంటర్‌ఫేస్‌లకూ వర్తింపజేస్తారు. అప్పుడు పంపిన వారి చిరునామా కూడా చెరిగిపోయి, దాని స్థానంలో ఫైర్‌వాల్ సొంత లోపలి చిరునామా చేరుతుంది. పోస్ట్‌ఫిక్స్‌లో మైనెట్‌వర్క్స్ అనే జాబితా ఉంటుంది. అందులోని చిరునామాల నుంచి ఎవరు వచ్చినా పాస్‌వర్డ్ అడగకుండా ప్రపంచంలో ఎక్కడికైనా మెయిల్ చేరవేస్తుంది. లోపలి ప్రింటర్లు, స్కానర్ల కోసం మనం అందులో 192.168.10.0/24 రాసి ఉంటాం. ఇప్పుడు ప్రపంచమంతా 192.168.10.1 నుంచి వస్తున్నట్టు కనిపిస్తోంది కనుక ప్రపంచమంతటికీ ఆ హక్కు దక్కింది. సర్వర్ ఓపెన్ రిలే అయిపోయిందన్న మాట.

నేను ఒక చోట ఇలాంటి సర్వర్‌ను చూశాను. శుక్రవారం సాయంత్రం రూటర్ మార్చారు, సోమవారం ఉదయానికి ఎవరి మెయిల్ బయటికి వెళ్లడం లేదన్నారు. క్యూ నిండా ఎవరికీ తెలియని చిరునామాలకు వెళ్లవలసిన మెయిల్స్ ఉన్నాయి. లాగ్ తెరిస్తే వేరు వేరు హీలో పేర్లతో (పంపే సర్వర్ తనను తాను పరిచయం చేసుకునే పేరు) వచ్చిన వందల కనెక్షన్ల పక్కన బ్రాకెట్లలో ఒకే చిరునామా, 192.168.10.1 లాంటిదే, వరుసగా దిగుతూ పోయింది. మెయిల్ సర్వర్ సెట్టింగ్‌లలో ఒక్క అక్షరం కూడా మారలేదు. మారింది రూటర్‌లోని ఒకే ఒక గడి. స్పామ్ పంపే చిరునామాల జాబితాలైన బ్లాక్‌లిస్ట్‌ల నుంచి ఆ సంస్థ బయటి చిరునామాను తీయించుకోవడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

ఓపెన్ రిలే కాకపోయినా నష్టం తక్కువేమీ కాదు. ఎస్‌పీఎఫ్ పరీక్ష (ఆ డొమైన్ తరఫున పంపే అనుమతి ఈ చిరునామాకు ఉందా అని చూడటం), బ్లాక్‌లిస్ట్ పరీక్ష, గ్రేలిస్టింగ్ (కొత్తగా వచ్చిన వారిని కాసేపటి తరువాత రమ్మనడం) అన్నీ అసలు చిరునామా లేకుండా అర్థం లేనివవుతాయి. పాస్‌వర్డ్‌లు ఊహిస్తున్న వారిని ఫెయిల్2బ్యాన్ అనే సాఫ్ట్‌వేర్ అడ్డుకోబోతే అది అడ్డుకునేది ఫైర్‌వాల్‌నే, అంటే ఒక్క దెబ్బకు బయటి వారందరినీ.

సరిచేయడానికి, మాస్కరేడ్ రూల్‌ను బయటి ఇంటర్‌ఫేస్ ద్వారా వెళ్లే ప్యాకెట్లకే పరిమితం చేయండి. అలా చేశాక కనెక్షన్లే రాకపోతే, సర్వర్ డిఫాల్ట్ గేట్‌వే ఈ ఫైర్‌వాల్ కాదేమో చూడండి. జవాబు ప్యాకెట్లు వేరే దారిలో పోతుంటాయి. ముందు ఎవరో మాస్కరేడ్ పెట్టింది బహుశా ఆ లోపాన్ని కప్పిపుచ్చడానికే. మధ్యలో కనెక్షన్లను అందుకుని సర్వర్‌కు చేరవేసే హెచ్‌ఏప్రాక్సీ వంటిది ఉండి తీరాలంటే, అసలు చిరునామాను అందించే ప్రాక్సీ ప్రోటోకాల్‌ను రెండు వైపులా ఆన్ చేయాలి. పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ రెండూ దాన్ని అర్థం చేసుకుంటాయి.

మేం పంపే మెయిల్స్ స్పామ్‌లో పడుతున్నాయి. ఫైర్‌వాల్‌కు దీంతో సంబంధం ఉంటుందా?

చాలాసార్లు ఉంటుంది. మీకు బయటి చిరునామాలు ఒకటి కంటే ఎక్కువ ఉంటే, లోపలికి వచ్చే మెయిల్ 203.0.113.25 మీదుగా వస్తున్నా, బయటికి వెళ్లేది మాత్రం అందరూ ఇంటర్నెట్‌కు వాడే 203.0.113.20 మీదుగా వెళ్తుండవచ్చు. అవతలి సర్వర్ రెండో చిరునామాను చూస్తుంది. దానికి ఎస్‌పీఎఫ్‌లో చోటు లేదు, రివర్స్ డీఎన్‌ఎస్‌లో (చిరునామా నుంచి పేరు చెప్పేది) మీ పేరు లేదు. కనుక సర్వర్ నుంచి బయటికి వెళ్లే కనెక్షన్లకు ప్రత్యేకంగా ఒక సోర్స్ నాట్ (పంపే చిరునామాను మార్చే) రూల్ రాయండి, లేదా ఒకటికి ఒకటి నాట్ (లోపలి చిరునామాకు ఒక బయటి చిరునామాను కేటాయించేది) పెట్టండి. ఆ రూల్ అందరికీ వర్తించే సాధారణ రూల్ కంటే ముందు ఉండాలి.

తరువాత పేర్లు కలవాలి. 203.0.113.25కు పీటీఆర్ (చిరునామాకు పేరు చెప్పే) రికార్డు అడిగితే మెయిల్.ఎగ్జాంపుల్.కామ్ రావాలి, ఆ పేరుకు ‘ఏ’ (A, పేరుకు చిరునామా చెప్పే) రికార్డు అడిగితే తిరిగి 203.0.113.25 రావాలి, సర్వర్ హీలోలో చెప్పుకునే పేరూ అదే కావాలి. పీటీఆర్‌ను మీ డొమైన్ ప్యానెల్‌లో రాయడం కుదరదు. ఐపీ చిరునామా ఇచ్చిన ఇంటర్నెట్ సంస్థను అడిగి రాయించుకోవాలి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ తనకు మెయిల్ పంపే వారందరికీ సరైన పీటీఆర్‌ను, ఎస్‌పీఎఫ్ లేదా డీకేఐఎంను తప్పనిసరి చేసింది. రోజుకు 5,000కు పైగా పంపే వారికి ఆ రెండూ, వాటితో పాటు డీమార్క్ (ఆ పరీక్షలు విఫలమైతే ఏం చేయాలో చెప్పే రికార్డు) కూడా ఉండాలి.

డీఎన్‌ఎస్ రికార్డుల్లో లోపలి చిరునామా రాయాలా, బయటిదా?

బయటి వారు చూసే ప్రతి రికార్డులోనూ బయటి చిరునామానే రాయాలి. ఎంఎక్స్ రికార్డులో (డొమైన్ మెయిల్ ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పేది) నేరుగా ఐపీ చిరునామా రాయకూడదు, సీనేమ్ రికార్డు (ఒక పేరుకు మారుపేరు) ఉన్న పేరూ రాయకూడదు. ‘ఏ’ (A) రికార్డు ఉన్న పేరే రాయాలి. ఎస్‌పీఎఫ్‌లో 192.168.10.5 రాసిన వారిని చూశాను. దాని వల్ల ఉపయోగమేమీ లేదు, ఎందుకంటే ఆ చిరునామా ఫైర్‌వాల్ దాటి ఎవరికీ కనిపించదు. ఎస్‌పీఎఫ్ పరీక్షలో డీఎన్‌ఎస్‌ను వెతికించే అంశాలు 10 మించితే పరీక్ష మొత్తం విఫలమవుతుంది కనుక, ఒకే సర్వర్ ఉన్నవారు ఐపీ4 అని నేరుగా చిరునామా రాసుకోవడం మేలు.

బయటి నుంచి ఫోన్‌లో మెయిల్ వస్తోంది. ఆఫీసు వైఫైలోకి రాగానే ఆగిపోతోంది. కారణం ఏమిటి?

లోపల ఉన్న ఫోన్ మెయిల్.ఎగ్జాంపుల్.కామ్‌ను అడిగితే 203.0.113.25 అని జవాబు వస్తుంది. ఫోన్ ఆ చిరునామాకు పంపిన ప్యాకెట్ ఫైర్‌వాల్‌కు చేరి, అక్కడి నుంచి లోపలి సర్వర్‌కు మళ్లుతుంది. సర్వర్ మాత్రం జవాబును పక్కనే ఉన్న ఫోన్‌కు నేరుగా పంపేస్తుంది. తాను మాట్లాడుతున్నది 203.0.113.25తో అనుకుంటున్న ఫోన్, 192.168.10.5 నుంచి వచ్చిన జవాబును పారేస్తుంది.

ఫైర్‌వాల్‌లో హెయిర్‌పిన్ నాట్ (లోపలి నుంచి బయటి చిరునామాకు వచ్చిన కనెక్షన్‌ను రెండు దిశల్లోనూ ఫైర్‌వాల్ మీదుగానే నడిపేది) ఆన్ చేయడం ఒక మార్గం. దానివల్ల లోపలి వారందరూ ఫైర్‌వాల్ చిరునామాతో కనిపిస్తారు, పైన చెప్పిన మైనెట్‌వర్క్స్ ఇబ్బంది మళ్లీ తలెత్తే అవకాశం ఉంది. అందుకే లోపలి డీఎన్‌ఎస్ సర్వర్ అదే పేరుకు 192.168.10.5 అని జవాబిచ్చేలా స్ప్లిట్ డీఎన్‌ఎస్ పెట్టడం నాకు మేలనిపిస్తుంది. పేరు మారదు కనుక సర్టిఫికెట్ హెచ్చరికలూ రావు. అయితే మొబైల్‌లో సొంతంగా బయటి డీఎన్‌ఎస్ పెట్టుకున్న వారికి ఇది పనిచేయదని ముందే చెప్పి ఉంచండి.

సర్వర్ పలకరింపు వరుసలో నక్షత్రాలు కనిపిస్తున్నాయి, స్టార్ట్‌టీఎల్‌ఎస్ మాయమైంది. సర్వర్ పాడైందా?

సర్వర్ బాగానే ఉంది, మధ్యలో ఫైర్‌వాల్ దాని మాటలు మార్చి చెబుతోంది. కొన్ని ఫైర్‌వాల్‌లలో ఎస్‌ఎంటీపీ ఇన్‌స్పెక్షన్ అనే సౌకర్యం ఉంటుంది. అది తనకు నచ్చని అక్షరాలనూ, తనకు తెలియని ఆదేశాలనూ చెరిపి వాటి స్థానంలో నక్షత్రాలో ఎక్స్ గుర్తులో పెడుతుంది. బయటి నుంచి టెల్‌నెట్‌తో 25కు వెళ్తే 220 తరువాత సర్వర్ పేరు రావలసిన చోట నక్షత్రాల వరుస కనిపిస్తుంది; ఈహీలో (హీలోకు కొత్త రూపం) చెప్పాక వచ్చే జాబితాలో స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఉండవలసిన వరుసలో ఎక్స్‌లు మాత్రమే ఉంటాయి. లోపలి నుంచి అదే పరీక్ష చేస్తే అన్నీ సరిగ్గా కనిపిస్తాయి. ఫలితంగా బయటి సర్వర్లు ఎన్‌క్రిప్షన్ లేకుండానే మెయిల్ ఇస్తాయి. ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి అనుకునే సర్వర్లు అసలు ఇవ్వవు. భద్రత పేరుతో ఉన్న ఈ సౌకర్యం భద్రతనే తగ్గిస్తోంది కనుక దాన్ని ఆపేయండి.

మెయిల్ అడుగున తనిఖీ చేశామన్న వాక్యం చేర్చే గేట్‌వేలతోనూ జాగ్రత్త అవసరం. డీకేఐఎం సంతకం పడిన తరువాత మెయిల్‌లో వాక్యం చేర్చితే సంతకం చెల్లదు. సంతకం చేసేది బయటికి వెళ్లే దారిలో చివరి యంత్రమై ఉండాలి.

చిన్న మెయిల్స్ వెళ్తున్నాయి, అటాచ్‌మెంట్ ఉన్నవి మధ్యలో ఆగిపోతున్నాయి. ఎందుకు?

ఐసీఎంపీని (నెట్‌వర్క్ పరికరాలు లోపాలను తెలిపే సందేశాలు) పూర్తిగా అడ్డుకుని ఉంటారు. మామూలు ఈథర్‌నెట్ ప్యాకెట్ పరిమితి 1500 బైట్లు. కొన్ని బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు వాడే పీపీపీఓఈ లింకులో అది 1492, టన్నెల్‌లలో ఇంకా తక్కువ. దారిలో ఏదైనా రూటర్ ఇంత పెద్ద ప్యాకెట్‌ను పంపలేనని ఐసీఎంపీ టైప్ 3, కోడ్ 4 సందేశంతో వెనక్కు చెబుతుంది. ఫైర్‌వాల్ ఆ సందేశాన్ని పారేస్తే సర్వర్‌కు విషయం తెలియదు, అదే ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటుంది. హీలో, మెయిల్ ఫ్రమ్ వంటి ఆదేశాలు చిన్నవి కనుక సాఫీగా సాగుతాయి. డేటా ఆదేశం దాటగానే నిశ్శబ్దం, చాలాసేపటికి టైమ్‌అవుట్. ఆ రకం ఐసీఎంపీని అనుమతించడమే అసలు మందు. అవతలి వారి ఫైర్‌వాల్‌లో తప్పున్నప్పుడు మాత్రం మన వైపు ఎంఎస్ఎస్ (ఒక ప్యాకెట్‌లో పట్టే డేటా పరిమితి) విలువను తగ్గించి సర్దుకోవాలి.

ఒకే మెయిల్ రెండు మూడుసార్లు వస్తోంది.

మెయిల్ మొత్తం అందుకున్నాక సర్వర్ స్పామ్, వైరస్ పరీక్షలు చేసి ఆ తరువాత 250 అని ఒప్పుకుంటుంది. పంపేవారు ఈ జవాబు కోసం 10 నిమిషాల వరకు వేచి ఉండాలని ఆర్‌ఎఫ్‌సీ 5321 చెబుతుంది. ఈ లోపు కనెక్షన్ ఖాళీగా ఉందని ఫైర్‌వాల్ దాన్ని తుంచేస్తే, సర్వర్ మెయిల్‌ను తీసుకుంటుంది గానీ పంపినవారికి ఆ సంగతి చేరదు. వారు మళ్లీ పంపుతారు. ఖాళీ కనెక్షన్లను టీసీపీలో కనీసం 2 గంటల 4 నిమిషాలు ఉంచాలన్నది ఆర్‌ఎఫ్‌సీ 5382 నియమం. ఐమ్యాప్ ఐడిల్‌తో కొత్త మెయిల్ కోసం ఎదురుచూసే ఫోన్లకూ ఇదే సమస్య. మెయిల్ ఆలస్యంగా కనిపిస్తోందన్న ఫిర్యాదు వస్తే ఈ టైమ్‌అవుట్‌ను చూడండి.

సర్వర్ తనకు తానే మెయిల్ పంపుకోవడానికి ప్రయత్నిస్తోంది.

డొమైన్‌ను సర్వర్‌లో స్థానిక డొమైన్‌గా నమోదు చేయలేదు. అందువల్ల అది ఎంఎక్స్ వెతికి, 203.0.113.25 అని తెలుసుకుని, ఆ చిరునామా తనదేనని తెలియక అక్కడికే బయలుదేరుతుంది. డొమైన్‌ను నమోదు చేయడంతో పాటు, పోస్ట్‌ఫిక్స్‌లో ప్రాక్సీ ఇంటర్‌ఫేసెస్ అనే సెట్టింగ్‌లో బయటి చిరునామాను రాయండి.

పోర్ట్ 25ను మా ఇంటర్నెట్ సంస్థే అడ్డుకుంటోంది. లేదా మాకు బయటి చిరునామానే లేదు. ఏం చేయాలి?

ముందు ఫైర్‌వాల్ బయటి ఇంటర్‌ఫేస్ చిరునామా చూడండి. అది 100.64 నుంచి 100.127 వరకు ఉన్న శ్రేణిలో ఉంటే మీరు ఇంటర్నెట్ సంస్థ నాట్ వెనుక ఉన్నారు. మీ ఫైర్‌వాల్‌లో ఏ పోర్ట్ తెరిచినా ప్రయోజనం లేదు. స్థిర చిరునామాను అడిగి తీసుకోండి, కుదరకపోతే స్థిర చిరునామా ఉన్న చిన్న వర్చువల్ సర్వర్‌ను బయట తీసుకుని వైర్‌గార్డ్ అనే వీపీఎన్ టన్నెల్‌తో లోపలికి కలపండి. అయితే క్లౌడ్ సంస్థల్లో చాలావరకు బయటికి వెళ్లే 25ను మూసే ఉంచుతాయి కనుక తీసుకునే ముందే ఆ సంగతి తేల్చుకోండి. అడ్డంకి ఒక్క బయటికి వెళ్లే 25 మీదే ఉంటే, 587 ద్వారా ఒక రిలే సేవకు మెయిల్ అప్పగించవచ్చు. ఆ సేవను ఎస్‌పీఎఫ్‌లో చేర్చడం మరవకండి.

సర్వర్‌ను డీఎంజెడ్‌లో (లోపలి నెట్‌వర్క్‌కూ బయటి ప్రపంచానికీ మధ్య విడిగా ఉంచే నెట్‌వర్క్) పెట్టాలా?

మెయిల్‌బాక్స్‌లు విలువైనవి కనుక, వీలైతే రెండు యంత్రాలు పెట్టండి. 25ను వినే గేట్‌వే డీఎంజెడ్‌లో ఉండి, పరీక్షలు ముగించి, లోపలి మెయిల్‌బాక్స్ సర్వర్‌కు ఎల్‌ఎంటీపీ (మెయిల్‌ను మెయిల్‌బాక్స్‌కు చేర్చే పద్ధతి) ద్వారా అందిస్తుంది. డీఎంజెడ్ నుంచి లోపలికి ఆ ఒక్క పోర్ట్‌కే అనుమతి ఉండాలి. గేట్‌వే దగ్గర వాడుకరుల చిరునామాల జాబితా కూడా ఉండాలి. లేకపోతే లేని పేర్లకు వచ్చిన మెయిల్‌ను ముందు తీసుకుని, తరువాత ఎవరో అమాయకుడికి తిప్పి పంపుతుంది.

బ్లాక్‌లిస్ట్ పెట్టగానే అందరి మెయిల్స్ తిరస్కరించబడుతున్నాయి.

ఫైర్‌వాల్ డీఎన్‌ఎస్ ప్రశ్నలన్నిటినీ పబ్లిక్ డీఎన్‌ఎస్ సేవలకు మళ్లిస్తోందేమో చూడండి. స్పామ్‌హాస్ వంటి బ్లాక్‌లిస్ట్‌లు అలాంటి ప్రశ్నలకు అసలు జాబితాలోంచి జవాబివ్వవు. స్పామ్‌హాస్ అప్పుడు 127.255.255.254 అనే గుర్తును ఇస్తుంది. ఏ జవాబు వచ్చినా స్పామే అనుకునేలా సెట్ చేసి ఉంటే అందరి మీదా వేటు పడుతుంది. సర్వర్ మీదే అన్‌బౌండ్ వంటి సొంత రిజాల్వర్ (డీఎన్‌ఎస్ జవాబులు వెతికే సాఫ్ట్‌వేర్) నడిపి, దానికి నేరుగా బయటికి వెళ్లే అనుమతి ఇవ్వండి.

సర్టిఫికెట్ కోసం పోర్ట్ 80 తెరవాల్సిందేనా?

ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్‌ను హెచ్‌టీటీపీ పద్ధతిలో వాడితే తెరవాలి. డీఎన్‌ఎస్ పద్ధతిలో టీఎక్స్‌టీ రికార్డు రాస్తే చాలు, లోపలికి ఏ పోర్టూ అక్కర్లేదు. మెయిల్ సర్వర్‌కు ఇదే శుభ్రమైన మార్గం.

ఐపీవీ6 సంగతి?

అక్కడ సాధారణంగా నాట్ ఉండదు కనుక చిరునామా మారిపోయే బాధ లేదు, కానీ ఐపీవీ4కు రాసిన రూల్స్ దానికి వర్తించవు, విడిగా రాయాలి. పీటీఆర్ రాయించుకోకుండా ఐపీవీ6 మీద మెయిల్ పంపవద్దు.

అంతా సరిగ్గా ఉందని ఎలా తేల్చుకోవాలి?

పరీక్ష ఎప్పుడూ బయటి నెట్‌వర్క్ నుంచే చేయాలి. మొబైల్ డేటా మీద ఉన్న ల్యాప్‌టాప్ 465, 993లను చూడటానికి పనికొస్తుంది; 25ను చాలా మొబైల్ నెట్‌వర్క్‌లు అడ్డుకుంటాయి కనుక దాని కోసం వేరే చోటి సర్వర్ కావాలి. బయటి నుంచి 25కు వెళ్లి, పాస్‌వర్డ్ లేకుండా, మీది కాని డొమైన్‌కు మెయిల్ పంపి చూడండి. రిలే యాక్సెస్ డినైడ్ అన్న తిరస్కారం రావాలి. ఆ సమయంలో లాగ్‌లో పరీక్షిస్తున్న యంత్రం అసలు చిరునామా కనిపించాలి. ఫైర్‌వాల్‌లో ఏ రూల్ మార్చినా ఈ రెండింటినీ మళ్లీ చూడండి.

ఫైర్‌వాల్ కొన్ని గంటలు ఆగిపోతే మెయిల్స్ పోతాయా? రెండో ఎంఎక్స్ పెట్టుకోవాలా?

పోవు. కనెక్షన్ కుదరకపోతే పంపే సర్వర్ మెయిల్‌ను తన క్యూలో ఉంచుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. కనీసం నాలుగైదు రోజులు అలా ప్రయత్నించాలన్నది ప్రమాణం, పోస్ట్‌ఫిక్స్ డిఫాల్ట్ కూడా 5 రోజులే. చిన్న సంస్థకు రెండో ఎంఎక్స్ వల్ల మేలు కంటే స్పామ్ ఎక్కువ వస్తుంది. మెయిల్స్ నిజంగా తిరిగిపోయేది సర్వర్ అందుబాటులో లేనప్పుడు కాదు, సగం సిద్ధమైన సర్వర్ అలాంటి వాడుకరి లేడంటూ 550 చెప్పినప్పుడు. అందుకే మరమ్మతు ఉన్న రోజు నేను మొదట ఫైర్‌వాల్‌లో 25 రూల్‌ను ఆపుతాను. సర్వర్ తిరిగి లేచాక లోపలి నుంచి నాకు నేను ఒక మెయిల్ పంపుకుని, అది మెయిల్‌బాక్స్‌లో కనిపించాకే ఆ రూల్‌ను మళ్లీ ఆన్ చేస్తాను.